బోర్డు ఆరితే ముందు చూడాల్సింది ఎల్‌ఈడీని కాదు

దుకాణం మీద బోర్డు సగం వెలిగి సగం ఆరితే అందరి నోటా ఒకటే మాట, "ఎల్‌ఈడీలు పోయాయి" అని. నిచ్చెన వేసి షీటు విప్పి చూస్తే చాలాసార్లు ఎల్‌ఈడీలు నిక్షేపంగా ఉంటాయి. పోయింది కరెంటును తక్కువ వోల్టులకు దించి ఎల్‌ఈడీలకు అందించే ఎస్‌ఎంపీఎస్ అయి ఉంటుంది. లేదంటే జాయింటు దగ్గర రాగి తీగకు పచ్చగా చిలుము పట్టి ఉంటుంది. అదీ కాకపోతే మొన్నటి వానకు పెట్టె అడుగున నీళ్లు నిలిచి ఉంటాయి.

బోర్డులు కట్టే కుర్రాళ్లకూ, షాపులకు వైరింగు చేసే ఎలక్ట్రీషియన్లకూ, కొత్తగా దుకాణం తెరుస్తూ మూడు కొటేషన్లు ముందేసుకుని ఏది ఖాయం చేయాలో తేలనివాళ్లకూ నేను చెప్పేది ఇదే. బోర్డు ఎన్నాళ్లు వెలుగుతుందన్నది ఎల్‌ఈడీ మీద కంటే దాని చుట్టూ ఉన్న సరంజామా మీదే ఎక్కువ ఆధారపడుతుంది. ధర తగ్గించమంటే మొదట కోత పడేది మాత్రం ఆ సరంజామాకే.

ముందు లాభం సంగతి చూద్దాం, ఎందుకంటే అది కాగితం మీది లాభం కాదు. పాత నలభై వాట్ల ట్యూబులైటు చోక్‌తో కలిపి యాభై వాట్ల దాకా లాగుతుంది. దాని బదులు పెట్టే ఎల్‌ఈడీ ట్యూబు 20 వాట్లు. ఇరవై ట్యూబులున్న బట్టల కొట్టు రోజుకు పది గంటలు తెరిచి ఉంటే రోజుకు 6 యూనిట్లు మిగులుతాయి. కమర్షియల్ యూనిట్ పది రూపాయలనుకుంటే నెలకు 1,800. ట్యూబుకు 250 చొప్పున ఇరవైకి 5,000 పెట్టినా మూడు నెలల్లో తిరిగొస్తుంది. పైగా లోపల 600 వాట్ల వేడి తగ్గుతుంది. టన్ను ఏసీ బయటికి తోసే వేడి సుమారు 3,500 వాట్లు కాబట్టి దాని పనిలో ఆరో వంతు తగ్గినట్టే.

గోడౌన్లలో, ఫంక్షన్ హాళ్లలో వాడిన మెటల్ హాలైడ్ దీపాలు కరెంటు పోయి వచ్చాక చల్లారి మళ్లీ వెలగడానికి పది నిమిషాలు పట్టేది. ఎల్‌ఈడీకి ఆ బాధ లేదు. చలికి ట్యూబులైటు మందగిస్తుంది, ఎల్‌ఈడీకి చలి అంటే ఇష్టం. భీమవరం వైపు రొయ్యల ప్లాంట్ల కోల్డ్ రూముల్లో దానికి మించింది లేదు. ఊళ్ల స్థాయిలో చూస్తే, 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్లాక విశాఖపట్నంలో 90 వేలకు పైగా వీధి దీపాలను ఎల్‌ఈడీకి మార్చారు. కాబట్టి ఎల్‌ఈడీ పెట్టాలా వద్దా అన్న చర్చ ముగిసినట్టే. ఎలా పెట్టాలన్నదే ఇప్పుడు ప్రశ్న.

డబ్బా మీద 50,000 గంటలని ఉంటుంది. రోజుకు పది గంటల చొప్పున పదమూడేళ్లు దాటాలి. ఆ అంకె చిప్పుది. అదీ చిప్పు ఆరిపోయే దాకా కాదు, మొదటి రోజు వెలుతురులో 70 శాతానికి పడిపోయే దాకా. ఎల్‌70 అని రాసేది దీన్నే. పాత బల్బులాగా ఎల్‌ఈడీ ఓ రోజు టప్పున పోదు, మెల్లగా చిన్నబోతుంది. రోజూ చూసే యజమానికి ఆ తేడా తెలియదు. రెండేళ్ల తర్వాత నాలుగు మాడ్యూళ్లు మారిస్తే అప్పుడు తెలుస్తుంది, కొత్తవి తెల్లగా, పక్కవి పాలిపోయి, అక్షరం నిండా మచ్చలు. అందుకే బోర్డు కట్టిన రోజునే అదే బ్యాచ్‌లోవి ఓ పది మాడ్యూళ్లు కవర్లో వేసి షాపువాళ్ల కౌంటర్లో ఉంచండి. ఒకే కంపెనీదైనా బ్యాచ్ మారితే తెలుపు మారుతుంది.

చిప్పు ఆయుష్షు అంత ఉన్నా, దానికి కరెంటు ఇచ్చే డ్రైవరుకు లేదు. డ్రైవరులో గానీ ఎస్‌ఎంపీఎస్‌లో గానీ ముందు పోయేది ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు సగమవుతుందని ఈ రంగంలో అందరూ వేసుకునే లెక్క. ఇప్పుడు పడమటి ముఖం దుకాణం ఒకటి ఊహించండి. మే నెల, విజయవాడో రామగుండమో, బయట 45 డిగ్రీలు. నల్లటి ఏసీపీ షీటు, దాని వెనక గాలి ఆడని పెట్టె, పెట్టె లోపల ఎస్‌ఎంపీఎస్. చెయ్యి పెట్టలేనంతగా కాలిపోయిన ఆ పెట్టెలో సాయంత్రం ఆరింటికి స్విచ్చి వేస్తాం. అది మూడేళ్లు బతికితే మనం పెట్టి పుట్టామనుకోవాలి.

మందు చాలా చిన్నది. ఎస్‌ఎంపీఎస్‌ను బోర్డు లోపల కాకుండా షట్టర్ లోపలి వైపు, చేతికందే ఎత్తులో, గాలి ఆడే చోట బిగించండి. వేడీ తగలదు, వానా తగలదు. పోయినప్పుడు నిచ్చెన అక్కర్లేదు, ఏ కుర్రాడైనా పావుగంటలో మారుస్తాడు. కొందరు ఇలా చేయరు. కారణం వైరు. 12 వోల్టుల దగ్గర వైరు పొడవు పెరిగేకొద్దీ దారిలోనే వోల్టేజి తినేస్తుంది. లెక్క చూడండి: మీటరుకు 14.4 వాట్ల స్ట్రిప్పు ఐదు మీటర్లంటే 72 వాట్లు, 12 వోల్టుల మీద 6 ఆంపియర్లు. ఎస్‌ఎంపీఎస్ పది మీటర్ల దూరంలో ఉండి ఒకటిన్నర స్క్వేర్ వైరు లాగితే, రానుపోను ఇరవై మీటర్లలో దాదాపు ఒకటిన్నర వోల్టు పోతుంది. స్ట్రిప్పుకు అందేది పదిన్నర. వెలుగు తేలిపోతుంది. నాలుగు స్క్వేర్ వైరు వేస్తే నష్టం అర వోల్టు దగ్గర ఆగుతుంది. ఇంకా నయం, 24 వోల్టుల సరుకే తీసుకుంటే అదే వెలుతురుకు కరెంటు సగం, నష్టం శాతంలో నాలుగో వంతు. పెద్ద బోర్డుకు 12 వోల్టులు వాడటం నా దృష్టిలో అలవాటే తప్ప అవసరం కాదు. స్ట్రిప్పు మొదట్లో తెల్లగా, చివర్లో నీరసంగా వెలుగుతుంటే దానికి రెండు కొసల నుంచీ సప్లై ఇవ్వండి.

ఎస్‌ఎంపీఎస్ మీద ఎంత రాసి ఉంటే అంత లోడు పెట్టకూడదు. 80 శాతం దగ్గర ఆపండి. అంటే 72 వాట్ల స్ట్రిప్పుకు కనీసం 90 వాట్లు, మార్కెట్లో దొరికే లెక్కన 100 వాట్లది. ఈ ఇరవై శాతం కొటేషన్‌లో వందో రెండొందలో పెంచుతుంది, అంతే.

12 వోల్టులు కదా, ఏం చేస్తుందిలే అనుకునేవాళ్లున్నారు. షాక్ కొట్టదు, నిజమే. నియాన్ బోర్డుల వెనక వేల వోల్టుల ట్రాన్స్‌ఫార్మర్ ఉండేది, ఆ ప్రాణభయం పోయింది. కానీ 30 ఆంపియర్ల ఎస్‌ఎంపీఎస్ వెనక ఒక్క లూజు జాయింటు చాలు, నిప్పు పుట్టడానికి. మామూలు ఏసీపీ షీటులో రెండు అల్యూమినియం రేకుల మధ్య ఉండేది ప్లాస్టిక్ కాబట్టి అది అంటుకుంటుంది. మెలిపెట్టి టేపు చుట్టడం మానేసి కనెక్టరు వాడండి, లేదా సోల్డరు చేసి హీట్ ష్రింక్ తొడగండి. ప్రతి లైనుకూ విడిగా చిన్న ఫ్యూజు, 230 వోల్టుల వైపు ఎంసీబీ, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఫ్రేముకు ఎర్తింగ్, ఇవి ఉండి తీరాలి.

ఎల్‌ఈడీ వేడెక్కదన్నది కూడా సగం నిజం. వెలుతురుతో పాటు ముందుకు వేడి రాదు, అందుకే మిఠాయి కౌంటరు అద్దంలో, పూల కొట్లో అది హాయిగా పనికొస్తుంది. వెనక్కి మాత్రం వేడి పోతుంది. పీఓపీ సీలింగులో ప్లైవుడ్ మీద స్ట్రిప్పును గమ్ముతో అంటించి వదిలేస్తే ఆ వేడికి పోయే దారి లేక కొన్నాళ్లకే పసుపెక్కుతుంది. అల్యూమినియం ప్రొఫైల్ వేయాల్సింది అందం కోసం కాదు.

నీళ్ల విషయంలో చాలామంది వాన లోపలికి రాకూడదనే చూస్తారు. ఎంత సిలికాన్ పూసినా ఎక్కడో ఓ చుక్క వస్తుంది, లోపలి తేమ రాత్రికి నీరై కారుతుంది. వచ్చిన నీరు పోవడానికి పెట్టె అడుగున రెండు మూడు కన్నాలు పెట్టాలి. వైరు పై నుంచి కాకుండా కింది నుంచి రావాలి, లోపలికి వెళ్లే ముందు ఒక వంపు తిరగాలి, నీటి బొట్టు ఆ వంపు దగ్గరే జారిపోతుంది. మాడ్యూళ్లు ఐపీ67 అని మురిసిపోయి వాటి మధ్య జాయింట్లను గాలికి వదిలేస్తే లాభం లేదు. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు ఊళ్లలో ఉప్పుగాలికి మామూలు స్క్రూలు ఏడాదిలో చేతికి పొడిగా వస్తాయి, స్టెయిన్‌లెస్ స్టీలువి వాడక తప్పదు. ఇక ఎస్‌ఎంపీఎస్‌లో చీమలు పుట్టపెట్టడం, బల్లి అడ్డంపడి చావడం ఏ పుస్తకంలోనూ ఉండదు గానీ, దాని కన్నాలకు సన్నటి జాలీ కడితే ఆ గొడవ తప్పుతుంది.

తెలుగు బోర్డుకు ఒక అదనపు కష్టం ఉంది. షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నియమాల ప్రకారం బోర్డు మీద తెలుగు ఉండాలి, మిగతా భాషలు దాని కింద ఉండాలి. అయితే మార్కెట్లో దొరికే మాడ్యూళ్లు ఇంగ్లిష్ పెద్దక్షరాలను దృష్టిలో పెట్టుకుని తయారు చేసినట్టు ఉంటాయి. ఒక్కో మాడ్యూలు ఒకటిన్నర సెంటీమీటరు వెడల్పు, ఆరేడు సెంటీమీటర్ల పొడవు. 'ఎస్' అనే ఇంగ్లిష్ అక్షరం కడుపులో అది హాయిగా పడుకుంటుంది. 'లక్ష్మీ' కింద ష వత్తు, మ వత్తు, పైన గుడి దీర్ఘం, వీటిలో ఎక్కడ పెడతారు? అక్షరం మొత్తం వెలిగి వత్తు చీకట్లో ఉన్న బోర్డులు ప్రతి ఊరి బజారులో కనిపిస్తాయి. మూడు దారులున్నాయి. అక్షరం గీత లావుగా ఉండే ఫాంటు ఎంచి వత్తులను పెద్దవి చేయించడం మొదటిది. చిన్న భాగాల్లో ఒకే ఎల్‌ఈడీ ఉన్న మాడ్యూలు గానీ సన్నటి స్ట్రిప్పు గానీ వాడటం రెండోది. అక్షరాన్ని వెలిగించకుండా దాని వెనక గోడను వెలిగించడం మూడోది. స్టీలు అక్షరం చుట్టూ వెలుగు వలయంలా పరుచుకుంటుంది, వత్తైనా గుడైనా స్పష్టంగా నిలుస్తుంది. బంగారు దుకాణాలు, ఆసుపత్రులు ఇది ఇష్టపడతాయి. ఖర్చు కాస్త ఎక్కువైనా నా ఓటు దీనికే.

ఇంకోటి, ఎక్కువ వెలుగు మంచి వెలుగు కాదు. 6,500 కెల్విన్ల తెలుపును గట్టిగా దట్టిస్తే రాత్రిపూట అక్షరం అంచులు చెదిరి ప, వ, ష దూరానికి ఒకేలా అవుతాయి. రాత్రి మాటే ఆలోచించి పగలును మరిచిపోవడం కూడా ఉంది. బోర్డు రోజులో సగం ఎండలోనే కనిపించాలి, అక్కడ ఎల్‌ఈడీ పనేమీ లేదు, అక్షరం రంగుకూ వెనక రంగుకూ ఉన్న తేడాదే పని. తెల్ల నేల మీద పసుపు అక్షరం వద్దని యజమానికి మొహమాటం లేకుండా చెప్పండి.

స్క్రోలింగ్ బోర్డులకు వాడే పీ10 ప్యానెల్‌లో ఎత్తుకు 16 చుక్కలు, వెడల్పుకు 32 చుక్కలు. చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. ఇంగ్లిష్‌కు ఒక వరస ప్యానెళ్లు చాలు. తెలుగులో గుడీ తలకట్టూ వత్తూ అన్నీ ఆ పదహారు చుక్కల్లో ఇరికిస్తే ఏ అక్షరమో పోల్చుకోలేం. తెలుగు నడపాలంటే రెండు వరసలు, అంటే 32 చుక్కల ఎత్తు, కొటేషన్‌లోనే వేయండి. పీ10 పది మీటర్ల దూరం నుంచి చూసేవాళ్లకు, నాలుగడుగుల దూరంలో నిలబడే కౌంటరు దగ్గరకు కాదు. ఇది నడిచేది 5 వోల్టుల మీద, కాబట్టి పైన చెప్పిన వైరు నష్టం ఇక్కడ ఇంకా ఘోరం, దీని ఎస్‌ఎంపీఎస్ మాత్రం ప్యానెల్ పక్కనే ఉండాలి.

హైదరాబాదులో ఇలాంటి కదిలే, మెరిసే వెలుగులకు పూనుకునే ముందు జీహెచ్‌ఎంసీ నియమాలు అడిగి తెలుసుకోండి. 2020లో వచ్చిన ప్రకటనల విధానం నేల నుంచి 15 అడుగుల పైన ప్రకటనలనూ, మిణుకుమిణుకుమనే బోర్డులనూ నిషేధించింది. అలాగే రెండు రాష్ట్రాల్లోనూ ప్రకటనల హోర్డింగులకు విద్యుత్ టారిఫ్‌లో వేరే కేటగిరీ ఉంది, దుకాణం రేటు దానికి వర్తించదు. మన సొంత పేరు బోర్డు వేరు, అద్దెకిచ్చే హోర్డింగు వేరు.

లోపలి దీపాల సంగతికొస్తే, చీర పట్టుకుని గుమ్మం దాకా వెళ్లి ఎండలో రంగు చూసుకునే కస్టమర్ల మీద విసుక్కునే సేల్స్‌మన్లున్నారు. తప్పు కస్టమర్లది కాదు, దీపానిది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి ఉండేది నీలి చిప్పు, దాని మీద పసుపు ఫాస్ఫర్ పూత. ఆ నీలి చిప్పు సాధించినందుకే అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్ర నోబెల్ వచ్చింది. నీలం, పసుపు కలిసి కంటికి తెలుపుగా తోస్తాయి గానీ అందులో చిక్కటి ఎరుపు తక్కువ. మిరపపండు ఎరుపు ఇటుక రంగులోకి, వంగపండు రంగు నలుపులోకి దిగిపోతాయి. దీపం కింద రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె సీఆర్ఐ. డబ్బా మీద అది 80 అని ఉన్నా నమ్మకం లేదు, ఎందుకంటే ఆ సగటు లేత రంగుల మీద తీసింది, ముదురు ఎరుపు అందులో లేదు. బట్టల కొట్టుకు, పండ్ల దుకాణానికి, మాంసం దుకాణానికి సీఆర్ఐ 90 దాటినది అడగండి. ఆర్9 ఎంతో కూడా అడగండి, అదే ముదురు ఎరుపు కొలత, 50 దాటితే మంచిది. అంకెలు చెప్పలేని డీలరు దగ్గర ఒక ఎర్ర చీర తీసుకెళ్లి ఆ దీపం కింద పరిచి, తర్వాత ఎండలో చూడండి. బంగారానికి 3,000 కెల్విన్ల వెచ్చటి వెలుగు, వెండికి, వజ్రాలకు తెల్లటిది. ఎల్‌ఈడీ వెలుతురులో అతినీలలోహిత కిరణాలు లేనట్టే కాబట్టి షోకేసులో పట్టు రంగు వెలవడమూ తక్కువే. వానాకాలపు ఉసిళ్లు కూడా వెచ్చటి రంగు దీపం మీద తక్కువ ముసురుతాయి.

ఇప్పుడు చీరలు ఫోన్ లైవ్‌లో కూడా అమ్ముడవుతున్నాయి. చవక దీపాల్లో సరైన డ్రైవరు ఉండదు, అవి సెకనుకు వందసార్లు మిణుకుతాయి. కంటికి తెలియదు, వీడియోలో నల్లటి పట్టీలు పాకుతాయి. కొనే ముందు దీపం వెలిగించి ఫోన్ కెమెరాలో స్లో మోషన్ పెట్టి చూడండి. పట్టీలు కనిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

మన కరెంటు సంగతి మనకు తెలిసిందే. త్రీఫేజ్ లైన్లో న్యూట్రల్ తెగితే సింగిల్ ఫేజ్ దీపాలకు 400 వోల్టుల దాకా రావచ్చు, ఒక్క రాత్రిలో వరసంతా పోతుంది. 100 నుంచి 300 వోల్టుల దాకా తట్టుకుని, అంతకు మించితే దానంతటదే ఆగే డ్రైవర్లు దొరుకుతాయి. డ్రైవరు మీద 'ఆర్'తో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు చూడండి. పెద్ద లోడున్న షోరూములు పవర్ ఫ్యాక్టర్ కూడా చూసుకోవాలి, 0.9 దాటాలి. కేవీఏహెచ్ లెక్కన బిల్లు వచ్చేచోట 0.5 ఉన్న చవక దీపాలు పొదుపును సగం మింగేస్తాయి.

కొటేషన్ రాసేవాళ్లు చదరపు అడుగు ధర ఒక్కటే రాసి ఊరుకోవద్దు. మాడ్యూలు వాట్లు, ఎస్‌ఎంపీఎస్ వాట్లు, అది ఎక్కడ బిగిస్తారో, వైరు ఎంత స్క్వేరో రాయండి. వారంటీ అంటే సరుకుకేనా, నిచ్చెన కూలికీ క్రేను అద్దెకీ కూడానా అన్నది ముందే తేల్చండి, తగువులన్నీ అక్కడే వస్తాయి. బిగించాక ఎస్‌ఎంపీఎస్ మీద మార్కర్‌తో తేదీ రాసి, పెట్టె మూసే ముందు లోపలి వైరింగు ఫొటో తీసి యజమాని ఫోన్‌కు పంపండి. రెండేళ్ల తర్వాత వచ్చేది మీరు కాకపోవచ్చు.

చివరగా బోర్డు ఎత్తే కుర్రాళ్లకు. మన బజార్లలో 11 కేవీ తీగలు మేడల ముంగిట్లోనే పోతుంటాయి. భవనానికీ తీగకూ మధ్య అడ్డంగా కనీసం 1.2 మీటర్లు ఉండాలని నియమం. చేతుల్లో పదడుగుల ఇనుప ఫ్రేము ఉన్నవాడికి ఆ దూరం ఒక మూలకు చాలదు. ఫ్లెక్సీలు కడుతూ, బోర్డులు ఎక్కిస్తూ ప్రాణాలు పోయిన వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఎదురుగా తీగ ఉంటే ముందు రోజే సబ్‌స్టేషన్‌కు వెళ్లి చెప్పి ఎల్‌సీ (లైన్ క్లియర్) అడగండి. సప్లై ఆపి ఎర్త్ చేశామని లైన్‌మన్ స్వయంగా చెప్పేదాకా ఫ్రేము నేల మీదే ఉంచండి. యజమాని తొందరపెడితే ప్రారంభోత్సవం రేపటికి వాయిదా వేసుకోమనండి.